ఊదారంగు పొగలో దొరికిన ఔషధం : బెర్నార్డ్ కూర్త్వా జీవితం

గాయమైనచోట పూసే అయొడిన్ టింక్చరును మనమందరం ఎరుగుదుము. ఉప్పు పొట్లంపై అయొడిన్ అన్న మాటను నిత్యమూ చూస్తుంటాము. అయితే ఆ పదార్థాన్ని లోకానికి అందించినవాని పేరు మనలో బహు కొద్దిమందికే తెలుసు. సముద్రపు నాచులోని ఔషధగుణాలను గురించి దేశదేశాలలో పరిశోధనలు సాగుతున్న ఈ రోజులలో, ఆ మార్గంలో తొలి దీపం వెలిగించిన బెర్నార్డ్ కూర్త్వాను స్మరించుకొనుట మన కర్తవ్యమని భావిస్తున్నాము.

కూర్త్వా ఫ్రాన్సు దేశంలోని డిజాన్ నగరంలో 1777 ఫిబ్రవరి 8వ తేదీన జన్మించినాడు. తండ్రి సురేకారం తయారుచేసేవాడు. బాలుడు ఆ బట్టీల నడుమనే పెరిగి, రసాయన విద్యపై మక్కువ పెంచుకొన్నాడు. ఒక మందుల వ్యాపారి వద్ద పని నేర్చి, పిదప పారిస్ చేరి ఫూర్‌క్ర్వా వంటి రసాయన శాస్త్రజ్ఞుని ప్రయోగశాలలో శిక్షణ పొందినాడు. సైనిక వైద్యశాలలలో ఔషధకారుడుగా కొంతకాలం పనిచేసినాడు. తుదకు కుటుంబ వృత్తియైన సురేకారం తయారీకే మరలినాడు.

అవి నెపోలియన్ యుద్ధాల రోజులు. తుపాకిమందుకు సురేకారం ప్రాణం. సురేకారం తయారీకి కట్టెల బూడిద అవసరం. కట్టెలు కరువుకాగా, సముద్రతీరాలలో నాచును కాల్చి తీసిన బూడిదను వాడవలసి వచ్చింది. 1811లో ఒకనాడు ఆ బూడిద నుండి లవణాలు తీయగా మిగిలిన ద్రవంలో గంధకామ్లం కొంత అధికంగా పడింది. వెంటనే అందమైన ఊదారంగు ఆవిరి పైకి లేచింది. అది చల్లని తలాలకు తగిలి, ద్రవంగా మారకుండానే, నల్లగా మెరిసే స్ఫటికాలై నిలిచింది. మరొకరైతే పొరపాటున ఏదో జరిగిందని పాత్ర కడిగి ఊరుకొనేవారేమో! కూర్త్వా ఊరుకోలేదు. అది కొత్త మూలకమేమోనని అనుమానించి, తనకు చేతనైనంత పరీక్షించినాడు.

కాని ఆయనకు ధనము లేదు, తీరిక లేదు. అందువలన ఆ స్ఫటికాలను క్లెమెంట్, దెసోర్మ్ అను మిత్రులకు అప్పగించినాడు. 1813 నవంబరులో వారు ఆ విషయాన్ని లోకానికి ప్రకటించినారు. గేలుసాక్, డేవీ మహాశయులు పోటీపడి పరిశోధించి అది మూలకమేనని తేల్చినారు. ఊదారంగును తెలిపే గ్రీకు పదం నుండి దానికి పేరు వచ్చింది. తొలుత కనుగొన్న ఘనత కూర్త్వాదేనని ఆ ఇరువురూ అంగీకరించుట గమనింపదగినది.

1820లో జెనీవా వైద్యుడు క్వాందే గళగండానికి అయొడిన్‌ను మందుగా వాడినాడు. పూర్వం ఆ వ్యాధికి కాల్చిన సముద్రపు స్పంజిని ఇచ్చేవారు. అందులోని గుణం అయొడిన్‌దే అయి ఉండునని ఆయన ఊహించినాడు. కంఠంలోని థైరాయిడ్ గ్రంథికి అయొడిన్ చాలనప్పుడు అది ఉబ్బుతుంది. మన శ్రీకాకుళంలో జన్మించిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి 1956లో హిమాలయ ప్రాంతపు కాంగ్రా లోయలో ప్రయోగం ఆరంభించి, అయొడిన్ కలిపిన ఉప్పుతో ఆ వ్యాధిని అరికట్టవచ్చునని నిరూపించినారు. 1962లో జాతీయ గళగండ నియంత్రణ కార్యక్రమం మొదలైంది.

మరి కూర్త్వా సంగతి? 1815లో యుద్ధం ముగిసింది. మన దేశపు చౌక సురేకారం ఫ్రాన్సుకు దిగుమతి కాగా ఆయన పరిశ్రమ దెబ్బతిన్నది. అయొడిన్ తయారుచేసి అమ్మినా నిలదొక్కుకోలేకపోయినాడు. వైద్యంలో అయొడిన్ విలువను గుర్తించి 1831లో ఫ్రెంచి విజ్ఞాన పరిషత్తు ఆరువేల ఫ్రాంకుల బహుమతి ఇచ్చింది. ఆ ధనమూ నిలువలేదు. 1838 సెప్టెంబరు 27న ఆయన పేదరికంలోనే కన్నుమూసినాడు.

నేడు నాచు నుండి లభించే ఆల్జినేట్ గాయాల పట్టీలలో ఉపయోగపడుతున్నది. మరెన్నో పదార్థాలు పరీక్షల దశలో ఉన్నవి. వాటిలో ఏది మందుగా నిలుచునో కాలమే తేల్చాలి. ప్రయోగశాలలో అడుగుపెట్టే మన విద్యార్థులు ఒక సంగతి మరువరాదు: అనుకోని ఫలితాన్ని తోసివేయక నిలిచి చూచినవాని వలననే ఇంత మేలు కలిగింది. అట్టివానిని బ్రతికియుండగనే ఆదుకొనుట సమాజపు బాధ్యతయని మా విశ్వాసం.