హిల్డే మాంగోల్డ్

కార్తీక మాసపు వానలకు మన వడమాలపేట చుట్టుపట్ల చెరువులు, గుంటలు నిండినప్పుడు కప్పల అరుపులకు విసుగుకోనివారు అరుదు. ఆ నీటిపై తేలే గుడ్లముద్దలలో ఒక్కొక్క నల్లని చుక్క నుండి కన్ను, మెదడు, వెన్నుపాము ఎట్లు ఏర్పడునో మొదట దారి చూపిన వారిలో ఇరవైఆరేండ్లు నిండకుండానే గతించిన ఒక యువతి ఉన్నారు. జంతుశాస్త్ర విద్యార్థులు ఆమె ప్రయోగమును పరీక్షకు చదువుదురు. ఆమె జీవితము ఎరిగినవారు తక్కువ కనుక మేము ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

హిల్డే ప్రోషోల్ట్ 1898 అక్టోబరు 20న జర్మనీలోని గోథా పట్టణమున జన్మించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో చదువుచుండగా హాన్స్ స్పేమన్ ఉపన్యాసము విని, పిండోత్పత్తి శాస్త్రముపై మక్కువతో 1920లో ఫ్రైబుర్గ్‌లోని ఆయన ప్రయోగశాలలో చేరారు. గురువు మొదట ఇచ్చిన పని హైడ్రాను సంచివలె లోపలిది వెలుపలికి తిరగవేయుట. అది ఎంతకూ సాధ్యము కాలేదు. విద్యార్థులకు ఇది కొంత ఊరట కాగలదు!

పిమ్మట దొరికిన పని వేరు. న్యూట్ అనునది తోకగల ఉభయచరము. అందు ఒక జాతి పిండము లేతరంగు, మరొక జాతిది ముదురురంగు. లేత పిండమున బ్లాస్టోపోర్ పైపెదవి అను చిన్న ముక్కను కోసి, ముదురు పిండపు పొట్టవైపు అతికించవలెను. పనిముట్లు గాజుసూదులు, పసిబిడ్డ వెంట్రుకతో చేసిన ఉచ్చు. అప్పటికి యాంటీబయాటిక్ మందులు లేవు. పిండములు చాలవరకు కుళ్ళి చచ్చేవి. 1921, 1922 వసంతములలో ఎన్నో శస్త్రచికిత్సలు చేయగా, వ్యాసమున వర్ణింపదగినవి ఆరు మాత్రమే మిగిలినవి.

ఆ ఆరింటిలో కనిపించినది అద్భుతము. పొట్టవైపున రెండవ పిండము మొలచినది. దాని నాడీనాళము అతికించిన లేత కణములతో గాక, అధికభాగము ఆతిథ్యమిచ్చిన ముదురు కణములతోనే కట్టబడినది. చర్మము కావలసిన కణములను చిన్నముక్క మెదడువైపు మళ్ళించినదన్నమాట. దానికి ఆర్గనైజర్ అని పేరు పెట్టారు.

1921లో ఆమె సహాధ్యయనశాలలోని ఒటో మాంగోల్డ్‌ను వివాహమాడారు. 1923లో డాక్టరేటు, ఆ డిసెంబరులోనే కుమారుడు. వ్యాసము 1924లో వెలువడినది; అందు గురువు పేరు ముందు, ఆమె పేరు వెనుక. కత్తి పట్టిన చేయి ఆమెది గనుక ఈ వరుస మాకు న్యాయముగా తోచదు. ఆ యేడే ఇంటిలోని హీటరు పేలి, కాలిన గాయములతో సెప్టెంబరు 4న కన్నుమూశారు. ఒడిలోని బిడ్డకు ఏడాదైనా నిండలేదు. 1935లో నోబెల్ బహుమతి స్పేమన్ ఒక్కరికే వచ్చినది. గతించినవారిని ప్రతిపాదించుటకు దాని నిబంధనలు ఒప్పవు.

ఆ ముక్కలోని రహస్యము తేలుటకు ఇంచుమించు డెబ్బైయేండ్లు పట్టినది. జెనోపస్ అను ఆఫ్రికా కప్పలో 1992లో నోగిన్, 1994లో కార్డిన్ అను జన్యువులు దొరికినవి. బి.ఎం.పి. అను ప్రోటీనులు పైపొర కణములను చర్మము కమ్మని ఆజ్ఞాపించును. ఆర్గనైజర్‌లో వ్యక్తమగు ఈ జన్యువుల ప్రోటీనులు వాటిని పట్టి బంధించును. ఆజ్ఞ అందని కణములు నాడీకణజాలమగును. మెదడు కమ్మని ఎవరో చెప్పుట కాదు, చర్మము కమ్మను మాట చెవిని పడకుండుటయే ఇందలి కిటుకు. మన చెరువుగట్టు కప్పగుడ్డులోనూ జరుగునది ఇదే.