పురాణ హత్యలకు ‘విచారణ’ జరిపిన బారిస్టర్.. అంగలూరు నుంచి డబ్లిన్ దాకా కవిరాజు కథ

హత్య జరిగింది. చంపిందెవరో అందరికీ తెలుసు. అయినా కేసు లేదు, వాదన లేదు, తీర్పు లేదు. పైగా చంపినవాళ్లదే న్యాయమని తరతరాలుగా చెప్పుకుంటున్నారు. పురాణాల్లో ఇలాంటి కథ ఎదురైతే చాలామంది దండం పెట్టి పేజీ తిప్పేస్తారు. కృష్ణా జిల్లాకు చెందిన ఓ బారిస్టర్ మాత్రం అక్కడే ఆగిపోయారు. చనిపోయినవాడి తరఫున మాట్లాడిందెవరని చూశారు. ఎవరూ కనిపించలేదు. దాంతో ఆ వకాల్తా తానే పుచ్చుకున్నారు. ఆయనే కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి.

23 ఏళ్లకు మెట్రిక్!

1887 జనవరి 15న గుడివాడకు దగ్గర్లోని అంగలూరులో, రైతు కుటుంబంలో పుట్టారు రామస్వామి. చదువు బాగా ఆలస్యంగా సాగింది. మెట్రిక్ పూర్తయ్యేసరికి 23 ఏళ్లు వచ్చేశాయి. 1910లో కొడుకు గోపీచంద్ పుట్టేనాటికి ఆయనింకా కాలేజీ గడప తొక్కలేదు. 1911లో బందరు నోబుల్ కాలేజీలో ఇంటర్మీడియట్‌లో చేరారు. అప్పటికే నాటకాలు రాసిన అనుభవం ఉంది. బందరులో అవధానాలు కూడా చేసి అందరి దృష్టిలో పడ్డారు.

1914లో న్యాయశాస్త్రం చదవడానికి ఐర్లాండ్ రాజధాని డబ్లిన్ వెళ్లారు. ఐర్లాండ్ కూడా మనలాగే బ్రిటిష్ పాలనలో నలుగుతున్న కాలమది. 1916లో డబ్లిన్ వీధుల్లోనే తిరుగుబాటు లేచింది. ఇక్కడ అనీబిసెంట్ హోంరూల్ ఉద్యమం నడుస్తుంటే, దానికి అండగా నిలవాలని అక్కడి నుంచే బందరు కృష్ణాపత్రికకు రాశారాయన. 1917లో బారిస్టర్‌గా తిరిగొచ్చి బందరులో ప్రాక్టీస్ పెట్టారు. ఆ తర్వాత మకాం తెనాలికి మారింది.

మొదటి కేసు.. శంబూకుడు

ఆయన పేరు మార్మోగింది కోర్టు కేసులతో కాదు, నాటకాలతో. 1920లో ‘శంబూక వధ’ వచ్చింది. కథ ఉత్తరకాండలోది. ఓ బ్రాహ్మణుడి కొడుకు చనిపోతాడు. రాజ్యంలో ఎక్కడో శూద్రుడు తపస్సు చేయడమే దీనికి కారణమంటారు. రాముడు వెతుక్కుంటూ వెళ్లి, తపస్సులో ఉన్నవాడిని ఎవరు నువ్వని అడుగుతాడు. శూద్రుణ్నని జవాబు వినగానే కత్తి దూసి తల నరికేస్తాడు.

లాయర్ కళ్లతో చూస్తే ఇందులో ఏముంది? ఫిర్యాదు ఉంది, శిక్ష ఉంది. మధ్యలో ఉండాల్సిన విచారణే లేదు. కవిరాజు నాటకం సరిగ్గా ఆ ఖాళీలోకి దూరింది. ఆయన రాముణ్ని కరుడుగట్టిన విలన్‌గా చూపించలేదు. పురోహిత వర్గం ఒత్తిడికి తలొగ్గిన రాజుగా చూపించారు. అసలు ముద్దాయిలు తెర వెనుక ఉన్నారన్నది ఆయన వాదన. నాటకానికి సుదీర్ఘమైన ముందుమాట కూడా జత చేశారు. ఆ రోజుల్లో రాముడి కథను ఇలా ప్రశ్నించడమంటే మామూలు సాహసం కాదు.

పేరే ‘ఖూనీ’

ఆ తర్వాత మరో నాటకం. దానికి ఆయన పెట్టిన పేరు ‘ఖూనీ’. పోలీసు స్టేషన్లు, కోర్టుల్లో వినిపించే మాటను తెచ్చి పురాణకథకు తగిలించారు. వేనుడనే రాజు యజ్ఞాలు, దానాలు ఆపేయమని ఆజ్ఞ ఇస్తాడు. రుషులు కోపించి అతణ్ని చంపేస్తారు. పురాణాల్లో ఇది దుష్టుడికి పడిన శిక్ష. కవిరాజు లెక్కలో మాత్రం అచ్చమైన హత్య. ఒక్క టైటిల్‌తోనే ఛార్జిషీటు వేసేశారన్నమాట!

విశేషం ఏంటంటే, ఇదే వేనుడిపై ‘వేనరాజు’ పేరుతో విశ్వనాథ సత్యనారాయణ కూడా నాటకం రాశారు. ఆయనదీ కృష్ణా జిల్లానే, ఊరు నందమూరు. ఆయనా బందరులో చదువుకున్నవారే. తర్వాతి కాలంలో తెలుగుకు తొలి జ్ఞానపీఠ్ తెచ్చారు. విశ్వనాథ జీవితమంతా సంప్రదాయం వైపు నిలబడ్డారు. కవిరాజు దాన్ని జీవితమంతా ప్రశ్నించారు. ఒకే జిల్లా, ఒకే కథ, రెండు వైపుల నుంచి ఇద్దరు ఉద్దండులు. ఇక తీర్పు చెప్పాల్సింది పాఠకులే.

పెళ్లి మంత్రం తెలుగులో

కవిరాజు కలంతోనే ఆగలేదు. 1925లో తెనాలి మున్సిపల్ ఛైర్మన్ అయ్యారు. గంగమ్మ జాతరలో జంతుబలిని నిషేధించారు. పురాణాలను ప్రశ్నిస్తూ ‘సూతపురాణం’ రాశారు. తెనాలిలో తన ఇంటికి కూడా సూతాశ్రమం అనే పేరు పెట్టుకున్నారు.

పెళ్లి తంతునూ వదల్లేదు. అర్థం తెలియని మంత్రాలకు తలూపుతూ తాళి కట్టడమేంటన్నది ఆయన ప్రశ్న. అందుకే ‘వివాహవిధి’ పేరుతో పెళ్లి తంతును తెలుగులో రాశారు. పురోహితుడు లేకుండా తానే దగ్గరుండి ఎన్నో పెళ్లిళ్లు జరిపించారు. ఏం ప్రమాణం చేస్తున్నారో వధువుకీ వరుడికీ ఇద్దరికీ అర్థమయ్యేది. పురాణంలో శంబూకుడికి దక్కని మాట, పెళ్లిపీటల మీద మామూలు రైతుబిడ్డలకు దక్కింది.

1943 జనవరి 16న, 56 ఏళ్లు నిండిన మర్నాడే కవిరాజు కన్నుమూశారు. కొడుకు గోపీచంద్ కూడా లా చదివి, చివరికి నవలలు, సినిమాల వైపే వచ్చారు. ‘అసమర్థుని జీవయాత్ర’ ఆయన రాసిందే. 1987లో, కవిరాజు పుట్టిన వందేళ్లకు, కేంద్ర ప్రభుత్వం ఆయన పేరిట తపాలా బిళ్ల విడుదల చేసింది.

శంబూకుడి కథపై తెలుగునాట చర్చ ఇప్పటికీ ఆగలేదు. ఆ చర్చ మళ్లీ మొదలైన ప్రతిసారీ 1920 నాటి కవిరాజు నాటకం పేరు వినిపిస్తూనే ఉంటుంది.