పొరుగువారు చేర్చుకొనని జట్టు: నూట్ రాక్నీ జీవితం

అమెరికాలో ఫుట్‌బాల్ అంటే మన పాఠశాలల మైదానాలలో ఆడే ఆట కాదు. కోడిగ్రుడ్డు ఆకారపు బంతిని చేతబట్టి, ఎదిరి జట్టును త్రోసుకొంటూ ముందుకు పోవడం అందులో ప్రధానం. ఆ ఆటకు శిక్షకులలో అగ్రగణ్యుడు నూట్ రాక్నీ. ఆయన 1888లో నార్వే దేశంలోని వోస్‌లో జన్మించాడు. తండ్రి బండ్లు చేసేవాడు. కుటుంబం 1893లో చికాగో చేరింది. రాక్నీ కొన్నేళ్ళు తపాలా శాఖలో గుమాస్తాగిరీ చేసి సొమ్ము కూడబెట్టుకొని, 22వ ఏట, అనగా 1910లో, ఇండియానా రాష్ట్రంలోని నోటర్ డేమ్ విశ్వవిద్యాలయంలో చేరాడు. పట్టభద్రుడై, పిమ్మట అక్కడే రసాయనశాస్త్రాన్ని బోధించాడు కూడా.

అది క్యాథలిక్ గురువులు నడిపే చిన్న విద్యాసంస్థ. ఆ ప్రాంతపు పెద్ద విశ్వవిద్యాలయాలు ఏడు 1896లోనే ఒక కాన్ఫరెన్సుగా ఏర్పడ్డాయి. నేడు బిగ్ టెన్ అని పేరొందినది అదే. ఆటగాళ్ళ అర్హతలకు నియమాలు ఏర్పరచడం దాని తొలి ఉద్దేశం. కాని సభ్యులు ఎక్కువగా తమలో తామే ఆడుకొనడంతో, వెలుపలి జట్లకు మిగిలే శనివారాలు తగ్గిపోయాయి. నోటర్ డేమ్ సభ్యత్వం కోరింది, లభించలేదు. ఇందుకు మతద్వేషం కూడా ఒక కారణమని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. కాన్ఫరెన్సు స్థాపకులలో ఒకటై, అప్పటికి దానినుండి తొలగివున్న మిషిగన్‌ను 1909లో నోటర్ డేమ్ 11–3తో ఓడించింది. మరుసటి ఏడు ఆటగాళ్ళ అర్హతపై వివాదం లేచి, మిషిగన్ ఆటనే రద్దు చేసింది. ఆ రెండు జట్లు మళ్ళీ తలపడింది 1942లో!

దగ్గరివారు ఆడకుంటే దూరానికి పోక తప్పదు గదా. శిక్షకుడు జెస్సీ హార్పర్ దూరప్రాంతాల కళాశాలలకు ఉత్తరాలు వ్రాసి 1913కు ఆటలు కుదుర్చుకొన్నాడు. ఆ నవంబరు 1న న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్ పాయింట్ సైనిక కళాశాలను వారు 35–13తో జయించారు. డోరై విసిరిన బంతిని పరుగెత్తుతూ అందుకొన్నవారిలో రాక్నీ ముఖ్యుడు.

1918లో రాక్నీ శిక్షకుడైనాడు. హార్పర్ అవసరానికి తొక్కిన దారిని ఈయన రాజమార్గం చేశాడు. నెబ్రాస్కాతో ఏటేటా సాగిన ఆట 1925తో ఆగిపోగా, మరుసటి ఏడే సదరన్ కాలిఫోర్నియాతో కొత్త వరుస మొదలైంది. ఒకసారి మాత్రం లెక్క తప్పింది. 1926లో కార్నెగీ టెక్‌తో ఆట సులభమని తలచి, జట్టును సహాయకులకు అప్పగించి, చికాగోలో వేరొక ఆట చూడబోయాడు. జట్టు 19–0తో ఓడింది. కొత్త క్రీడాంగణం కడుతున్న 1929లో స్వస్థలంలో ఒక్క ఆటా లేకపోయినా, తొమ్మిదింటికి తొమ్మిదీ గెలిచింది. వెరసి పదమూడేళ్ళలో 105 విజయాలు, 12 పరాజయాలు, 5 సమానాలు. ఇంతటి ప్రయాణాలవల్ల విద్యార్థుల చదువు ఏమగునన్న విమర్శ లేకపోలేదు. అది కొట్టిపారవేయదగినది కాదు.

1931 మార్చి 31న లాస్ ఏంజలెస్ పోతున్న విమానం కాన్సస్‌లో కూలి, అందులోని ఎనిమిదిమందీ మరణించారు. రాక్నీకి అప్పటికి 43 ఏండ్లు.

నోటర్ డేమ్ తక్కిన ఆటలలో చాలవరకు 2013లో అట్లాంటిక్ తీరపు కాన్ఫరెన్సులో చేరింది. ఫుట్‌బాల్‌లో మాత్రం స్వతంత్రత విడువక, 2014 నుండి సగటున ఏటా ఐదు ఆటలు ఆ సభ్యులతో ఆడుటకు ఒప్పుకొని, తక్కిన తేదీలను తన చేతిలోనే ఉంచుకొన్నది. కోవిడ్ వ్యాపించిన 2020లో, ఆ ఒక్క ఏడూ, ఫుట్‌బాల్‌లోనూ ఆ కాన్ఫరెన్సు సభ్యురాలిగానే ఆడింది.