మైకేల్ క్యూసాక్

ఐర్లండు ద్వీపమునకు పడమటి తీరమున క్లేర్ అను మండలము కలదు. అందు బరెన్ అను ప్రాంతము చూచువారికి మిక్కిలి వింత గొలుపును. కనుచూపు మేరవరకు బూడిదవన్నె సున్నపురాతి పలకలు పరచినట్లుండును. వాని నెరియలలో మాత్రము పచ్చిక మొలచును. ఆ రాళ్ల నడుమనున్న కారన్ అను పల్లెలో 1847వ సంవత్సరము సెప్టెంబరు 20వ తేదీన మైకేల్ క్యూసాక్ జన్మించెను. తండ్రి పరుల పశువులను కాచి కుటుంబమును పోషించువాడు. ఇంటిలో వారు మాటలాడునది ఐరిష్ భాష.

ఐర్లండు చరిత్రలో అంతటి చెడ్డ సంవత్సరము వేరొకటి లేదు. ఆ దేశము అప్పుడు బ్రిటిషువారి పాలనలో నుండెను. పేదలకు బంగాళాదుంపయే ముఖ్యాహారము. 1845లో ఆ పైరునకు తెగులు సోకెను. కొలది యేండ్లలో సుమారు పది లక్షలమంది ఆకలిచేతను జ్వరములచేతను మరణించిరి. మరి పది లక్షలమంది ఓడలెక్కి దేశాంతరములకు పోయిరి. పల్లెలు పాడుపడెను. వానితోపాటు పల్లెల ఆటలును అణగారెను. ఆడుటకు పడుచువారే మిగులని చోట బంతియాట ఎట్లు సాగును?

ఆ ఆటలలో మిక్కిలి ప్రాచీనమైనది హర్లింగ్. దీనిని యాష్ అను చెట్టు కొయ్యతో చేసిన కోలతో ఆడుదురు. ఆ కోల మన పాఠశాలలలోని హాకీ కర్రను పోలియుండును గాని, దాని తుద వెడల్పై చదునుగా నుండును. బంతి బెండుతో చేసి తోలు కుట్టినది, పిడికిట ఇముడును. హాకీలో బంతి నేలపై దొర్లుటే ఎక్కువ. హర్లింగులో అది తలలపై ఎగురుచుండును. నేలనున్న బంతిని చేతితో తీయరాదు, కోలతోనే పైకి లేపవలెను. లేపిన పిదప చేత పట్టుకొనవచ్చును గాని నాలుగడుగులకు మించి మోయరాదు. నేర్పరియైన ఆటగాడు బంతిని కోల తుదపై నిలిపి, అది జారకుండ పరుగెత్తును. పరుగెత్తుచునే కొట్టును. ఇంత వేగమైన క్షేత్రక్రీడలు లోకమున అరుదు.

ఐరిష్ వారి పురాణగాథలలో కుహూలిన్ అను వీరుడు బాలుడై యున్నప్పుడే తనపైకి దూకిన భీకరమైన కుక్కను హర్లింగ్ బంతితో కొట్టి చంపెనని యున్నది. కథ యెట్లున్నను, 1366లో కిల్కెన్నీ పట్టణమున ఇంగ్లీషు పాలకులు చేసిన శాసనము తమవారు ఈ ఆట ఆడరాదని నిషేధించెను. నిషేధింపవలసి వచ్చెనన్నచో పాలకుల బిడ్డలు కూడ దీనిని మరగియుండిరని మనము గ్రహింపవచ్చును.

క్యూసాక్ చదివి ఉపాధ్యాయుడాయెను. పల్లెబడులలోను కళాశాలలలోను కొన్నియేండ్లు బోధించి, 1877లో డబ్లిన్ నగరమున స్వంత విద్యాలయమును నెలకొల్పెను. ప్రభుత్వోద్యోగపు పరీక్షలకు యువకులను సిద్ధపరచుట దాని పని. అది బాగుగనే సాగెను. మనిషి విశాలమైన భుజములు, నిండు గడ్డము గలవాడు. గుండు విసరుటలో దేశమున పేరు పొందెను. తన విద్యార్థులచే రగ్బీ ఆడించి తానును ఆడెను. క్రికెట్టు బాలురకు మేలైన ఆటయని కూడ ఒకప్పుడతడు తలచినవాడే.

అట్టివాని మనస్సు మరలుటకు కారణము పందెములు జరుగుచుండిన తీరు. నాటి పరుగుపందెముల సంఘములు ఇంగ్లండునందలి నియమములను అనుసరించుచుండెను. చేతిపనివారికిని కూలివారికిని పలుచోట్ల ప్రవేశము లేదు. పందెములు శనివారములందు జరుగుచుండెను. పాటకపు జనులకు తీరికయైన దినము ఆదివారమొక్కటియే. పశువుల కాపరి కొడుకైన క్యూసాక్ ఈ సంగతిని సహింపలేకపోయెను. దేశమందలి బలవంతులలో సగముమంది కంచె వెలుపల నిలిచి చూచుచుండగా లోపల ఆడునది ఏమి ఆట?

అతడు 1882 మొదలు డబ్లిన్‌లో కొందరు మిత్రులను కూర్చుకొని హర్లింగ్ ఆడింపసాగెను. 1884లో ఈస్టరు పండుగ మరునాడు తన జట్టును గాల్వే మండలములోని బాలినస్లో పట్టణమునకు కొనిపోయి, కిల్లిమర్ గ్రామస్థులతో పోటీకి దింపెను. వేలకొలది జనులు చూడవచ్చిరి. కాని ఆట ముగియలేదు. డబ్లిన్‌వారి నియమములు వేరు, కిల్లిమర్‌వారివి వేరు. ఎవరికి వారు తామెరిగిన రీతినే న్యాయమనిరి. తగవు తెగక ఆట మధ్యలోనే ఆగిపోయెను. దేశమంతటికిని ఒక్కటే నియమావళి ఉండవలెనని క్యూసాక్ ఆనాడు నిశ్చయించుకొనెను.

అదే యేడు అక్టోబరు 11వ తేదీన అతడు రెండు పత్రికలలో ఒక వ్యాసము ప్రకటించెను. ఐరిష్ వారి ఆటలను ఐరిష్ వారే నడుపుకొనవలెనని దాని సారము. దానికి బదులుగా మారిస్ డేవిన్ అను ప్రముఖుడు తోడు వచ్చెను. ఇతడు టిప్పరరీ మండలపు రైతు, హామరు విసరుటలో మేటి. క్యూసాక్ నిప్పువంటివాడు, డేవిన్ నీటివంటివాడు. ఆ సంఘము నిలిచెనన్నచో ఈ రెండును కలియుటయే కారణమని నా అభిప్రాయము.

నవంబరు 1వ తేదీన టిప్పరరీలోని థర్ల్స్ పట్టణమున హేస్ అను ఆమె హోటలులో సభ కూడెను. దేశమంతటికి పిలుపు పంపగా వచ్చినవారు ఏడుగురని సాధారణముగ చెప్పుదురు. వారిలో ఇద్దరు పత్రికా రచయితలు, ఒక శిల్పి, ఒక న్యాయవాది ఉండిరి. ఏడవవాడు పోలీసు ఇన్‌స్పెక్టరు, క్యూసాక్ పూర్వశిష్యుడు. వింత యేమనగా, తరువాతి కాలమున ఆ సంఘమే బ్రిటిషు పోలీసులకు ప్రవేశము నిషేధించెను. ఆ నిషేధము 2001 వరకు తొలగలేదు. ఆనాటి సభలో డేవిన్ అధ్యక్షుడుగను, క్యూసాక్ కార్యదర్శులలో ఒకడుగను ఎన్నికైరి. క్రోక్ అను ఆర్చిబిషప్పు, పార్నెల్, డేవిట్ అను దేశనాయకులు పోషకులుగా నుండుటకు అంగీకరించిరి. గేలిక్ క్రీడాసంఘ మిట్లు పుట్టెను.

డేవిన్ కూర్చిన నియమములు 1885లో వెలువడెను. హర్లింగు, పాదముతోను పిడికిలితోను బంతిని కొట్టు గేలిక్ ఫుట్‌బాలు, రెండింటికిని నియమము లేర్పడెను. మొదట పక్షమునకు ఇరువదియొక్కరు ఆడిరి, పిదప పదునేడుగురైరి, 1913 నుండి పదునైదుగురు. రెండు నిలువు గుంజలు, నడుమ ఒక అడ్డుకమ్మి నిలుపుదురు. హర్లింగులో బంతి కమ్మికి దిగువగా పోయినచో గోలు, దానికి మూడు పాయింట్లు. కమ్మిపైగా గుంజల నడుమ పోయినచో ఒక పాయింటు. ఈ లెక్క 1896లో స్థిరపడెను. అంతకు పూర్వము గోలును ఎన్ని పాయింట్లును సరితూగలేని కాలము కూడ ఉండెను!

ఆటలు ఆదివారములందే జరిగెను. పేదలు, కూలివారు, రైతుబిడ్డలు వచ్చి చేరిరి. ఏడాది తిరుగకముందే ఊరూర జట్లు వెలసెను. ఇంతటి పని చేసిన క్యూసాక్‌కు పదవి ఎంతకాలము నిలిచెను? రెండేండ్లయినను నిండలేదు. అతనికి లెక్కలు వ్రాయుటయందు శ్రద్ధ తక్కువ. వచ్చిన ఉత్తరములు బదులులేక పడియుండెడివి; వ్రాసినవాటిలో పరుషవాక్యములు మెండు. ఒక దినపత్రికతో పెట్టుకొన్న కలహము పెద్దదై క్రోక్ వరకు ప్రాకెను. 1886 జూలైలో థర్ల్స్‌లోనే సభ కూడి అతనిని పదవినుండి తొలగించెను. సభ్యులు అన్యాయము చేసిరని అనజాలము. పెరిగిన సంఘమునకు కాగితములు సరిగా నడుపువాడు కావలెను. పుట్టించుటకు కావలసిన స్వభావము వేరు. అయినను ఆ దినము క్యూసాక్ ఎట్లు ఇల్లు చేరెనో తలచుకొన్న జాలి కలుగక మానదు.

అతడు ఊరకుండలేదు. 1887లో స్వంతముగ ఒక వారపత్రికను నడిపెను. అది ఏడాదిలో ఆగిపోయెను. 1888 ఏప్రిల్ 1వ తేదీన బర్ పట్టణమున మొదటి అఖిల ఐర్లండు హర్లింగ్ పోటీ తుది ఆట జరిగి, థర్ల్స్ జట్టు గాల్వేవారిపై గెలిచెను. సంఘము అతడు లేకయే సాగుచుండెను. 1890లో భార్య మరణించెను. విద్యాలయము క్షీణించెను. పాఠములు చెప్పుచు, పత్రికలకు వ్రాయుచు, చేత ముండ్లకర్ర పట్టుకొని డబ్లిన్ వీధులలో తిరుగుచు అతడు మిగిలిన కాలము గడపెను. 1904లో స్త్రీలు కామోగీ అను పేర హర్లింగు వంటి ఆటకు సంఘము నెలకొల్పుట అతడు బ్రతికియుండగనే జరిగినది. 1906 నవంబరు 27వ తేదీన తన 59వ యేట కన్నుమూసెను.

2018లో హర్లింగును కామోగీని యునెస్కో మానవజాతి సాంస్కృతిక వారసత్వపు జాబితాలో చేర్చెను. దేశమునందెల్ల పేరుపొందిన ఆటగాండ్రు సయితము జీతము గైకొనక, తమ తమ వృత్తులు చేసికొనుచు ఆడుదురు. అఖిల ఐర్లండు తుది పోటీలు డబ్లిన్‌లోని క్రోక్ పార్కులో జరుగును. అందు ఎనుబది వేలకు పైగా జనులు కూర్చుందురు. మైదానమునకు ఆర్చిబిషప్పు పేరు. ఒక ప్రక్కనున్న ప్రేక్షకమంటపమునకు 1938 నుండి క్యూసాక్ పేరు. పోటీ దినమున అచ్చట చోటు దొరికినవారు చేతిలోని టిక్కెట్టుపై ఆ పేరు చదివికొని, మెట్లెక్కి తమ వరుసను వెదకికొందురు.