పిల్లల షుగర్‌కు ప్రాణం పోసిన డాక్టరు

నవంబర్ 14 అనగానే మీకు బాలల దినోత్సవం గుర్తొస్తుంది. ప్రపంచ మధుమేహ దినం కూడా ఆ రోజే. షుగర్ వచ్చిన పిల్లలను చావు నుంచి వెనక్కి తెచ్చిన డాక్టర్ ఫ్రెడరిక్ బాంటింగ్ పుట్టింది 1891లో ఆ తేదీనే. మీ ఇంట్లో పిల్లలుంటే ఆయన కథ మీరు తెలుసుకోవాలి.

కెనడాలోని అలిస్టన్ దగ్గర ఒక రైతు కుటుంబంలో ఐదుగురు పిల్లల్లో ఆఖరివాడు బాంటింగ్. చదువులో మెరిక కాదు. కాలేజీలో మొదటి ఏడాది తప్పాడు. తర్వాత పట్టుబట్టి వైద్యవిద్యలో చేరాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక వైద్యుడిగా వెళ్లి 1918లో గాయపడ్డాడు. తిరిగొచ్చి 1920లో సొంతంగా ప్రాక్టీసు పెడితే మొదటి నెల సంపాదన నాలుగు డాలర్లు!

ఖర్చులకు చాలక ఒక వైద్య కళాశాలలో పాఠాలు చెప్పేవాడు. 1920 అక్టోబర్ చివరి రాత్రుల్లో పాఠం కోసం క్లోమం గురించి చదువుతుంటే ఒక ఆలోచన తట్టింది. క్లోమం నుంచి పేగులోకి వెళ్లే గొట్టాన్ని కట్టేస్తే, జీర్ణరసాలు తయారుచేసే భాగం ఎండిపోతుంది. మిగిలిన భాగం నుంచి చక్కెరను అదుపు చేసే పదార్థాన్ని తీయవచ్చు కదా అనుకున్నాడు. టొరంటోలో ప్రొఫెసర్ మాక్లియాడ్‌ను ఆశ్రయించి, 1921 మే నెలలో చార్లెస్ బెస్ట్ అనే విద్యార్థితో కలిసి పని మొదలుపెట్టాడు. కుక్కలపై ప్రయోగాలు ఫలించాయి. ఏడాది చివర్లో కొలిప్ అనే జీవరసాయన శాస్త్రవేత్త తోడయ్యాడు.

అప్పటికి షుగర్ వచ్చిన పిల్లలకు వైద్యులు చేయగలిగింది ఒకటే, కడుపు మాడ్చడం. అలా చేసినా ఎక్కువ కాలం బతికేవారు కాదు. లియోనార్డ్ థామ్సన్‌కు 14 ఏళ్లు, బరువు 29 కిలోలు. 1922 జనవరి 11న అతనికి మొదటి ఇంజక్షన్ ఇచ్చారు. మందు శుద్ధంగా లేక పెద్దగా పనిచేయలేదు. కొలిప్ దాన్ని శుద్ధి చేశాడు. జనవరి 23న మళ్లీ ఇచ్చారు. రక్తంలో చక్కెర దిగింది, పిల్లవాడు తేరుకున్నాడు. ఆ తర్వాత పదమూడేళ్లు బతికాడు.

ఇన్సులిన్ హక్కులతో కోట్లు గడించవచ్చు. బాంటింగ్, బెస్ట్, కొలిప్ తలా ఒక డాలర్ తీసుకుని వాటిని టొరంటో విశ్వవిద్యాలయానికి ఇచ్చేశారు. 1923లో బాంటింగ్, మాక్లియాడ్‌లకు నోబెల్ బహుమతి వస్తే, బాంటింగ్ తన డబ్బులో సగం బెస్ట్‌కు పంచాడు. 1941 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ వెళ్తుండగా విమానం కూలి 49వ ఏట కన్నుమూశాడు.

మరి ఈ జబ్బు ఇప్పుడు ఎక్కడుంది? ఫిన్లాండ్‌లో ఏటా లక్ష మంది పిల్లల్లో 50 మందికి పైగా కొత్తగా దీని బారిన పడుతున్నారు. సరిహద్దు దాటి రష్యాలోని కరేలియాకు వెళ్తే, జన్యువుల్లో పెద్ద తేడా లేకున్నా, అందులో ఆరో వంతే కనిపించింది. అంటే వంశం ఒక్కటే కారణం కాదు, పరిసరాలకూ పాత్ర ఉంది. మన దేశంలో 2021 అంచనా ప్రకారం 20 ఏళ్లలోపు వారిలో సుమారు 2 లక్షల 29 వేల మందికి టైప్-1 షుగర్ ఉంది. సంఖ్యలో ప్రపంచంలో మనమే ముందున్నాం.

వందేళ్ల కిందటే మందు దొరికినా పిల్లలు ఇంకా ప్రమాదంలో పడుతున్నారు. ఆళ్లగడ్డ వైపు నుంచి నంద్యాలకు ఒక పాపను స్పృహ తప్పిన స్థితిలో తెచ్చారు. అంతకుముందే షుగర్ అని తేలింది. రోజూ సూది వేసుకుంటుందని తెలిస్తే రేపు పెళ్లెలా అన్న భయంతో ఇన్సులిన్ ఆపేసి పసరు మందు పోశారు. పాప బతికింది. కానీ ఆ రెండు రోజులు ఆ తల్లి ముఖం చూడలేకపోయాం.

మీ పిల్లలు తరచూ మూత్రానికి వెళ్తున్నా, దాహం తీరకున్నా, తింటున్నా చిక్కిపోతున్నా, పక్క తడపడం మానేసిన పిల్లలు మళ్లీ తడుపుతున్నా ఆలస్యం చేయకండి. వేలి చుక్క రక్తంతో షుగర్ పరీక్ష నిమిషంలో అయిపోతుంది. వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాస కూడా ఉంటే వెంటనే పెద్దాసుపత్రికి తీసుకురండి.

టైప్-1 మిఠాయిలు తిన్నందుకు వచ్చేది కాదు, మీ తప్పూ కాదు. శరీర రక్షణ వ్యవస్థే క్లోమంలోని ఇన్సులిన్ కణాలను చంపేస్తుంది. అందుకే ఇన్సులిన్‌కు ప్రత్యామ్నాయం లేదు, ఒక్కరోజు కూడా ఆపకూడదు. మన నంద్యాల ఎండలకు మందు పాడవుతుంది. ఫ్రిజ్‌లో పెట్టండి, గడ్డకట్టనివ్వకండి. ఫ్రిజ్ లేకపోతే నీటికుండలో, సీసా తడవకుండా కవర్లో చుట్టి ఉంచండి.

లియోనార్డ్‌కు ఆ మందు దొరకడానికి ఒక డాక్టరు పగలూ రాత్రీ కష్టపడ్డాడు. మీ పాపకు అది అందుబాటులోనే ఉంది. భయంతోనో, నలుగురు ఏమనుకుంటారోననో దాన్ని దూరం చేయకండి.