ఖాళీ జాగా విలువ తెలిసిన పంతులు

ప్రాజెక్టు పని అనగానే ఇప్పుడు బడుల్లో స్లైడ్లు తయారుచేయడం మామూలైపోయింది. పాఠంలోని పేరాను ఎత్తి స్లైడులో పెడతాం. పట్టకపోతే అక్షరం సైజు తగ్గిస్తాం. అప్పటికీ పట్టకపోతే వరుసల మధ్య ఎడం తగ్గిస్తాం. చివరికి వెనుక బెంచీ వాళ్లకు చీమల బారు తప్ప ఏమీ కనిపించదు. ఒక పుటలో ఎంత రాయాలి, ఎంత జాగా వదలాలి అన్న ఈ చిక్కు కంప్యూటరుతో పుట్టింది కాదు. అయిదు వందల ఏళ్ల కిందట ఇటలీలోని వెనిస్ నగరంలో ఒక పంతులు దీనితోనే కుస్తీ పట్టారు. ఆయన పేరు ఆల్డస్ మనూటియస్.

ఆల్డస్ 1450 ప్రాంతంలో రోమ్ నగరానికి దగ్గరలోని బస్సియానో అనే చిన్న ఊళ్లో పుట్టారు. జర్మనీలో గుటెన్‌బర్గ్ అచ్చు అక్షరాలతో పుస్తకాలు వేయడం మొదలుపెట్టిన రోజులవి. ఆల్డస్ రోమ్‌లో లాటిన్, ఫెరారాలో గ్రీకు చదువుకున్నారు. చదువయ్యాక అచ్చు పని జోలికి పోలేదు. కార్పి అనే చిన్న సంస్థానంలో రాజకుమారులకు చదువు చెప్పే ఉద్యోగంలో చేరారు. నలభయ్యో పడికి దగ్గరపడే దాకా ఆయన వృత్తి పంతులుగిరీయే.

పాఠం చెప్పేటప్పుడు ఆయనకు ఎదురైన ఇబ్బంది ఒకటే. గ్రీకు నేర్పాలి, కానీ పిల్లల చేతిలో పెట్టడానికి గ్రీకు పుస్తకం లేదు. ఉన్నవి చేతిరాత ప్రతులు. వాటి ఖరీదు ఎక్కువ, రాసినవాళ్ల తప్పులూ ఎక్కువే. 1453లో కాన్‌స్టాంటినోపుల్ నగరం తుర్కుల వశమయ్యాక, అంతకు కాస్త ముందు కూడా, ఎందరో గ్రీకు పండితులు తమ గ్రంథాలను మూటగట్టుకుని ఇటలీకి వచ్చేశారు. వెనిస్‌లో వాళ్లది పెద్ద వలస. పరాయి ఊళ్లో తమ భాష మాట్లాడుకుంటూ, తమ పిల్లలకు నేర్పుకుంటూ బతుకుతున్న జనం. వాళ్ల దగ్గరున్న ఒక్కొక్క ప్రతి కాలిపోయినా, చెదలు తిన్నా అందులో ఉన్నది తిరిగి దొరక్కపోవచ్చు. ఆ ప్రతులను అచ్చులోకి తెస్తే ఒక్కటి పోయినా వందలు మిగులుతాయి. ఈ ఆలోచనతోనే ఆల్డస్ 1490 ప్రాంతంలో కొలువు వదిలి వెనిస్ చేరారు.

డబ్బు ఆయన దగ్గర లేదు. ఆండ్రియా టొరెసాని అనే అచ్చుపని తెలిసిన వ్యాపారి, బార్బరిగో అనే కలిగిన ఇంటి పెద్దమనిషి పెట్టుబడి పెట్టారు. అందులో ఆల్డస్ వాటా చిన్నదే. అసలు కష్టం అక్షరాలతో వచ్చింది. గ్రీకు అక్షరాల మీద స్వరాల గుర్తులు, ఊపిరి గుర్తులు ఉంటాయి. ఒకే అచ్చుకు రకరకాల గుర్తులు చేరితే ప్రతి కూర్పుకూ వేరే దిమ్మ పోత పోయాలి. తెలుగు గుణింతాలకు, వత్తులకు మన పాత అచ్చాఫీసుల్లో ఎన్నేసి గళ్ల పెట్టెలు కావలసి వచ్చేవో చూసినవాళ్లకు ఈ బాధ ఇట్టే అర్థమవుతుంది. ఫ్రాన్సెస్కో గ్రిఫో అనే నేర్పరి ఉక్కు మీద ఆ అక్షరాలన్నీ చెక్కి ఇచ్చారు. 1495లో ఆల్డస్ అచ్చువేసిన తొలి పుస్తకం వెలువడింది. అది ఏ మహాకావ్యమో కాదు, లాస్కరిస్ రాసిన గ్రీకు వ్యాకరణం. ముందు నేర్చుకునే పిల్లవాడికి పుస్తకం ఉండాలన్నది పంతులు లెక్క. వెంటనే అరిస్టాటిల్ రచనలు చేపట్టి 1498కల్లా అయిదు పెద్ద సంపుటాలు పూర్తిచేశారు.

ఇక పుట అందం సంగతి. 1496లో పియెత్రో బెంబో అనే యువకుడు ఎట్నా అగ్నిపర్వతం ఎక్కిన ముచ్చట్లతో రాసిన చిన్న పుస్తకాన్ని ఆల్డస్ వేశారు. దానికోసం గ్రిఫో కొత్త లాటిన్ అక్షరాలు చెక్కారు. అందులో ఒక చిన్న కిటుకు ఉంది. పెద్దబడి అక్షరాలను, చిన్నబడిలో పైకి పొడుగ్గా సాగే అక్షరాల కన్నా కాస్త పొట్టిగా ఉంచారు. దాంతో వాక్యం మొదట్లో వచ్చే పెద్ద అక్షరం కంటిని పొడవదు, వరుస మొత్తం ఒకే తీరున సాగిపోతుంది. సెమికోలన్ అనే విరామచిహ్నం మొదట కనిపించిందీ ఈ పుస్తకంలోనే. చదివేవాడు ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కంటికి చెప్పే గుర్తు అది. 1929లో ఇంగ్లండ్‌లో ఈ అక్షరాల పోలికతో చేసిన టైపుకు బెంబో అనే పేరు పెట్టారు.

1499లో బొమ్మలతో నిండిన ఒక విచిత్రమైన కలల కథను అచ్చువేశారు. పోలిఫిలో అనే అతను కలలో తన ప్రియురాలిని వెతుక్కుంటూ తిరిగే కథ అది. అందులో చెక్కదిమ్మల బొమ్మల గీతలు, అక్షరాల గీతలు కలిసిపోయి కనిపిస్తాయి. బొమ్మ ఒకచోట, మాట ఒకచోట విడివిడిగా పడి ఉన్నట్టు ఉండదు. కొన్ని పుటల్లో వరుసలు కిందికి వెళ్లే కొద్దీ సన్నబడి పానపాత్ర ఆకారం తెచ్చుకుంటాయి. నేటికీ పుస్తకాల రూపకర్తలు ఆ పుటలను తెరిచి చూస్తూనే ఉంటారు.

అయితే ఆల్డస్ చేసిన పెద్ద పని 1501లో వచ్చింది. అప్పటిదాకా వర్జిల్ వంటి ప్రాచీన కవుల పుస్తకాలు పీట మీద పెట్టుకుని చదవవలసినంత బరువుగా ఉండేవి. పుట నడుమ నాలుగు వరుసల పద్యం, దాని చుట్టూ నాలుగు వైపులా చిన్న అక్షరాల్లో వ్యాఖ్యానం. పద్యం ఏదో, టీక ఏదో వెతుక్కోవాలి. ఆల్డస్ వ్యాఖ్యానం మొత్తం తీసేశారు. పద్యం మాత్రం ఉంచారు. చుట్టూ అంచులు వదిలారు. ఒక పాదానికి ఒక వరుస. ప్రతి పాదం మొదటి అక్షరాన్ని నిటారుగా నిలబెట్టి, దాని తర్వాత కొద్దిగా ఎడం ఇచ్చారు. దానివల్ల పాదాల మొదళ్లు ఒకే నిలువు బారులో తేలి, కన్ను పాదం తర్వాత పాదానికి తడుముకోకుండా దిగుతుంది. మిగతా అక్షరాలకు గ్రిఫో చేత కొత్త టైపు చెక్కించారు. నాటి పండితులు వేగంగా రాసుకునే చేతిరాతలా అవి కుడివైపు కాస్త వాలి, ఒద్దికగా ఉంటాయి. నేడు కంప్యూటరులో ఇటాలిక్ మీట నొక్కితే వచ్చే వాలు అక్షరాలకు మూలం అదే.

సైజు కూడా మార్చారు. పెద్ద కాగితాన్ని మూడు మడతలు వేస్తే ఎనిమిది ఆకులు, అంటే పదహారు పుటలు వస్తాయి. మన తెలుగు పుస్తకాల సైజు చెప్పేటప్పుడు డెమీ 1/8, క్రౌన్ 1/8 అంటాం కదా, ఆ ఎనిమిదో వంతు ఇదే. ఆ సైజులో ప్రార్థన పుస్తకాలు అంతకు ముందూ ఉన్నాయి. సాహిత్యాన్ని వరసగా ఆ సైజులోకి తెచ్చి, దారిలోనూ తోటలోనూ చేతపట్టుకుని చదువుకునేలా చేసింది మాత్రం ఆల్డస్.

ఇక్కడ మనం గమనించవలసింది ఒకటుంది. ఆయన అక్షరాన్ని చిన్నది చేసి సరుకంతా కుక్కలేదు. ముందు ఏది అక్కర్లేదో తేల్చుకుని తీసేశారు. మిగిలినదానికే జాగా కేటాయించారు. స్లైడు చేసేటప్పుడు మనం తరచూ దీన్ని తలకిందులు చేస్తాం. ఏదీ తీసేయడానికి మనసొప్పక, ఎడం మీద కత్తి పెడతాం.

1502లో ఆల్డస్ తన పుస్తకాలకు ఒక గుర్తు ఎంచుకున్నారు. లంగరుకు చుట్టుకున్న డాల్ఫిన్ బొమ్మ. డాల్ఫిన్ వేగానికి, లంగరు నిలకడకు గుర్తు. పని ఆగకూడదు, తొందరలో తప్పూ దొర్లకూడదని దాని భావం. ఆ రోజుల్లోనే తన చుట్టూ చేరిన పండితులతో ఒక సభ పెట్టి, దాని నియమాలను గ్రీకులోనే రాయించారు. సభ్యులు తమలో తాము గ్రీకులోనే మాట్లాడుకోవాలి. వేరే భాష దొర్లితే జరిమానా కట్టాలి. జమ అయిన జరిమానాతో అందరికీ విందు. క్రీటు దీవి నుంచి వచ్చిన ముసురస్ వంటి గ్రీకులు, ఇటలీ పండితులు అందులో కలిసి పనిచేశారు. అరిస్టోఫేన్స్, సోఫోక్లిస్, హెరొడోటస్, యురిపిడిస్ వంటివారి గ్రీకు మూలాలు తొలిసారి అచ్చయింది ఈ ఇంట్లోనే.

పేరు వచ్చింది, దానితో దొంగలూ వచ్చారు. వెనిస్ ప్రభుత్వం ఆయన వాలు అక్షరాలకు, గ్రీకు అక్షరాలకు హక్కులిచ్చినా అవి పొరుగు దేశంలో చెల్లవు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో అచ్చాఫీసుల వాళ్లు అవే అక్షరాలు, అదే సైజుతో నకళ్లు వేసి అమ్మారు. 1503లో ఆల్డస్ ఒక హెచ్చరిక పత్రం అచ్చువేసి, నకిలీ పుస్తకాల్లోని తప్పుల పట్టిక ఇచ్చారు, కొనేవాళ్లు మోసపోకుండా. లియోన్ వాళ్లు ఆ పట్టికనే చూసుకుని తమ పుస్తకాల్లో తప్పులు దిద్దుకున్నారు! అంతకు కాస్త ముందే గ్రిఫో కూడా ఆయన్ని విడిచి వేరే ముద్రాపకుడి దగ్గరికి వెళ్లిపోయారు. చెక్కింది తానైతే, హక్కు ఆల్డస్ పేరున ఉండటం ఆ చేతికి ఎలా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. వర్జిల్ పుస్తకంలో గ్రిఫోను పేరుపెట్టి మెచ్చుకున్నది కూడా ఆల్డసే. అయినా నేటి వరకూ ఆ అక్షరాలకు ఆల్డస్ పేరే ముందు వినిపిస్తుంది.

ఆల్డస్ చేసినవన్నీ ఒప్పులే అనలేం. గ్రీకు అక్షరాలను చేతిరాతలా ఒకదానితో ఒకటి ముడివేసి పోత పోయించారు. చూడటానికి సొంపుగా ఉన్నా, కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఆ ముడులు విప్పుకోవడం కష్టం. ఆయన మీది గౌరవంతో తర్వాతివాళ్లు చాలాకాలం ఆ తీరునే అనుసరించారు. చివరికి విడివిడి అక్షరాలే నిలిచాయి. అందం ఒకటి, చదవడానికి సులువు మరొకటి. రెండూ ఎప్పుడూ కలిసి రావు.

1505లో టొరెసాని కూతురు మారియాను పెళ్లాడి మామగారి ఇంట్లోనే కాపురం, అచ్చాఫీసు నడిపారు. 1508లో ఎరాస్మస్ అనే డచ్చి పండితుడు అక్కడే ఉండి, ఒక పక్క తాను రాస్తుంటే మరో పక్క కంపోజింగ్ జరుగుతుండగా తన సామెతల పుస్తకాన్ని పెంచి అచ్చువేయించుకున్నారు. ఊరకే కబుర్లకు వచ్చేవాళ్లు పెరిగిపోవడంతో, పని ఉంటే రెండు ముక్కల్లో చెప్పి వెళ్లమని, సాయం చేయడానికైతే ఎంతసేపైనా ఉండమని అర్థం వచ్చేలా ఆల్డస్ తలుపు మీద రాయించారు. మరుసటి ఏడు వెనిస్ మీద యుద్ధం వచ్చింది. అచ్చాఫీసు మూతపడింది. ఆల్డస్ ఊరు విడిచి వెళ్లి, 1512లో గానీ తిరిగి పని మొదలుపెట్టలేకపోయారు. ఆ మరుసటి ఏడాదే, ముసురస్ సాయంతో ప్లేటో రచనలన్నీ గ్రీకులో తొలిసారి వెలువరించారు. 1515 ఫిబ్రవరి 6న కన్నుమూశారు. అంత్యక్రియల వేళ ఆయన పెట్టె చుట్టూ ఆయన అచ్చువేసిన పుస్తకాలను పేర్చారు. కొడుకు పావోలోకు అప్పటికి ఇంకా మూడేళ్లు కూడా సరిగా నిండలేదు. పెద్దయ్యాక అచ్చాఫీసు బాధ్యత అతనే చేపట్టాడు.

ఆల్డస్ పేరు మన ఊళ్లకూ చేరింది. 1985లో అమెరికాలోని ఒక కంపెనీ కంప్యూటరు మీద పుటలు కూర్చే పేజ్‌మేకర్ అనే సాఫ్ట్‌వేర్ తెచ్చింది. ఆ కంపెనీ పెట్టుకున్న పేరు ఆల్డస్. స్లైడ్లు చేసుకునే పర్సుయేషన్ అనే సాఫ్ట్‌వేర్ కూడా వాళ్లదే. 1994లో ఆ కంపెనీ అడోబిలో కలిసిపోయింది. తెలుగు డీటీపీ సెంటర్లలో శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు ఏళ్ల తరబడి ఆ పేజ్‌మేకర్ మీదే తయారయ్యాయి.

తెలుగులో స్లైడు చేసేవారికి ఆల్డస్ బతుకు నుంచి పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. మన అక్షరానికి పైన గుడి, పక్కన కొమ్ము, కింద వత్తు ఉంటాయి. రాష్ట్రం, స్త్రీ వంటి మాటలు రెండు వరుసల్లో ఒకదాని కింద ఒకటి పడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. ఇంగ్లీషుకు సరిపోయే వరుస ఎడం తెలుగుకు చాలదు, కాస్త పెంచాలి. తెలుగు మాటలు పొడుగు. రెండు అంచులూ సమంగా రావాలని జస్టిఫై నొక్కితే మాటల మధ్య గోతులు పడతాయి. ఎడమ అంచు సమంగా ఉంచి కుడి అంచును దాని ఇష్టానికి వదిలేస్తే చాలు. రెండు పేరాల మధ్య ఎడం, రెండు వరుసల మధ్య ఎడం కన్నా ఎక్కువ ఉండాలి. అప్పుడే ఒక మాట ముగిసి మరో మాట మొదలైందని కంటికి తెలుస్తుంది. మరీ పట్టకపోతే ఇంకో స్లైడు పెట్టుకోవచ్చు, దానికి కాగితం ఖర్చు కూడా లేదు.

చుట్టూ వేరే భాష వినిపించే ఊళ్లో చదువుకుంటూ మీరు తెలుగులో ఒక స్లైడు చూపించారనుకోండి. మీ తరగతిలో తెలుగు అప్పుడప్పుడే కూడబలుక్కుని చదివే స్నేహితులు కూడా ఉండవచ్చు. స్లైడు ఇరుగ్గా ఉంటే వాళ్లు మొదటి వరుసలోనే చూపు తిప్పేసుకుంటారు, తెలుగు చదవడమే కష్టమని అనుకుంటారు. వరుసలు విడివిడిగా, అక్షరాలు తేటగా ఉంటే చివరిదాకా చదువుతారు. ఆల్డస్ తన గ్రీకు పాఠకుల కోసం ఇరవై ఏళ్లు పాటుపడింది ఆ చివరి వరుస కోసమే.