సర్ ఆర్.కె. షణ్ముఖం చెట్టి: పదవి, బాధ్యత

నొయ్యల్ నదీతీరమున వెలసిన కోయంబత్తూరు దేశానికి అందించిన ప్రముఖులలో సర్ ఆర్.కె. షణ్ముఖం చెట్టిగారు అగ్రగణ్యులు. స్వతంత్ర భారతదేశపు తొలి ఆర్థికమంత్రిగా వారి పేరు అందరికీ సుపరిచితమే. ఆ పదవిని వారు ఏల వీడవలసి వచ్చినదో ఎరిగినవారు మాత్రం తక్కువ. మన విద్యార్థులు ముఖ్యంగా తెలుసుకొనదగినది ఆ వృత్తాంతమే.

వారు 1892 అక్టోబరు 17న కోయంబత్తూరులో జన్మించారు. మద్రాసు క్రైస్తవ కళాశాలలోను, న్యాయ కళాశాలలోను విద్యనభ్యసించి, 1917లో స్వస్థలమున పురపాలక సంఘ సభ్యులయ్యారు. మద్రాసు శాసనమండలిలోను, పిదప కేంద్ర శాసనసభలోను ప్రవేశించి, 1933లో ఆ సభకు అధ్యక్షులయ్యారు. 1935 నుండి 1941 వరకు కొచ్చిన్ దివానుగా పనిచేశారు. 1944లో బ్రెటన్ వుడ్స్ మహాసభకు భారత ప్రతినిధిగా వెళ్ళారు. కాంగ్రెసువారు కాకపోయినను నెహ్రూగారి మంత్రివర్గంలో స్థానం పొంది, 1947 నవంబరు 26న స్వతంత్ర భారతపు తొలి బడ్జెట్టును సమర్పించారు.

వారు పెరిగిన కోయంబత్తూరు ప్రత్తికి పుట్టినిల్లు. నాయకరాజుల కాలం నుండి ఈ నల్లరేగడి నేలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ప్రత్తి పండించి, వర్తకం చేసి, క్రమంగా మిల్లులు స్థాపించాయి. జి. కుప్పుస్వామి నాయుడుగారు 1910లో నెలకొల్పిన లక్ష్మీ మిల్స్ అందుకు నిదర్శనం. 1930 దశకంలో పైకారా విద్యుత్తు రాకతో మిల్లుల సంఖ్య ఇంకను పెరిగింది. ఇటువంటి కంపెనీలలో సొమ్ము వాటాదారులది. పెత్తనం మేనేజింగ్ ఏజెంట్లది. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో బట్టకు గిరాకీ పెరిగి, లాభాలు వెల్లువెత్తాయి. దేశమంతటా ఆ లాభాలలో కొంత లెక్కలకెక్కలేదన్న అనుమానం బలపడింది. లెక్కలలో చూపని లాభం ఖజానాకే కాదు, చిన్న వాటాదారునికీ దక్కదు.

ఈ ఎగవేతలను వెలికితీయుటకు 1947లో ప్రత్యేక చట్టం చేసి, సర్ శ్రీనివాస వరదాచారియార్ గారి అధ్యక్షతన ఆదాయపు పన్ను విచారణ సంఘాన్ని నియమించారు. పెద్ద ఎత్తున పన్ను ఎగవేసినట్లు ప్రాథమిక ఆధారాలున్నవారి కేసులను ప్రభుత్వమే ఎంచి సంఘానికి అప్పగించాలి. ఎవరి పేరు ఉండవలెనో, ఎవరిది ఉండరాదో నిర్ణయించే ఆ అధికారమే ఈ చట్టానికి ఆయువుపట్టు.

1948లో ఆ జాబితా నుండి కొన్ని పేర్లు తొలగిపోయినవనియు, వానిలో కోయంబత్తూరు మిల్లు యజమానుల పేర్లున్నవనియు తీవ్ర విమర్శలు చెలరేగాయి. ఆర్థికమంత్రి స్వస్థలం కూడ అదే కావడంతో విమర్శకు పదును పెరిగింది. శాఖ చేసిన పనికి మంత్రియే జవాబుదారి. ఆ ఏడాది ఆగస్టులో షణ్ముఖం చెట్టిగారు పదవికి రాజీనామా చేశారు. పదవిలో నిండా ఏడాది కాలం గడిచిందో లేదో!

వారు ఆర్థికవేత్తలే కాదు, శిలప్పదికారానికి వ్యాఖ్య రచించిన సాహితీవేత్తలు, తమిళ సంగీతోద్యమానికి అండగా నిలిచిన రసజ్ఞులు కూడ. 1953 మే 5న పరమపదించారు.

మరుసటి ఏడాది మధుర మీనాక్షి మిల్స్ వారి వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, కేసులను అప్పగించే ఆ నిబంధన రాజ్యాంగపు 14వ అధికరణానికి విరుద్ధమని తీర్పు చెప్పింది. ఒకే తరహా ఎగవేతదారులలో కొందరికి సాధారణ చట్టమిచ్చే అప్పీలు హక్కులు, మరికొందరికి సంఘపు కఠిన విచారణ అనుట సమానత్వం కాదని న్యాయస్థానం భావించింది. కొందరిని విడిచిపెట్టారన్న విమర్శ కోయంబత్తూరు బిడ్డకు పదవిని దూరం చేయగా, కొందరినే పట్టుకున్నారన్న వాదన ఆ విచారణనే నిలిపివేసింది. రెంటికీ మూలం ఒక్కటే: తనిఖీ చేసే చేయి అందరి ఎడల ఒకే తీరుగా ఉండాలి. రేపు ఉద్యోగాలలో, వ్యాపారాలలో సంతకం చేసే అధికారం పొందబోయే మన బాలబాలికలు ఈ ధర్మాన్ని మరువరాదు.